పదిహేడో తారీఖు అద్దె

పెట్టె లేదు.

బీరువా తలుపు తెరిచి ఉంది. పై అరలో బట్టల మడతలు చెక్కు చెదరలేదు. కింద అరలో పెట్టె ఉండాల్సిన చోట, దుమ్ములో నలుచదరపు మచ్చ ఒకటి మిగిలింది. ఇంటావిడ ఆ మచ్చ వైపు చూస్తూ మంచం కోడు పట్టుకుని కూలబడింది. గోడ గడియారంలో నాలుగూ పది.

చిన్న ఇనప్పెట్టె. తొమ్మిది గదుల్లో అద్దెకుంటున్న వాళ్ళు ఇచ్చిన అడ్వాన్సులన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడ సొంతానిది ఒక్క నోటు కూడా లేదు. బ్యాంకులో ఎందుకు వేయలేదని తర్వాత అందరూ అడిగారు. అది వాళ్ళ డబ్బు, గది తాళం ఇచ్చిన నిమిషంలో చేతిలో పెట్టాలి, బ్యాంకు తెరిచేదాకా ఆగమనడం న్యాయం కాదు అని ఆవిడ సమాధానం. న్యాయం అనే మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది.

ఐదూ ఐదుకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

స్టేషన్‌లో ఆయన్ని గడియారం అంటారు. ఎదురుగా కాదు, చాటున. ఏ కేసయినా ఆయన మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకి?" అనే. పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని కూడా అదే అడిగాడని కానిస్టేబుల్ చెప్తుంటాడు. నిజమో కాదో ఆ ఇల్లాలే చెప్పాలి.

బీరువా తాళం పగలలేదు. తాళంచెవితోనే తీశారు. ఆ చెవి అదే గదిలోని కుట్టుమిషను సొరుగులో ఉంటుంది.

"సొరుగు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మా తమ్ముడికి. ఇంకా... ఏడో గది అమ్మాయికి. పోయినేడు నాకు జ్వరం వస్తే మందులకి డబ్బు తనే తీసింది."

"పెట్టె ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పన్నెండున్నరకి."

మూడో గదిలోకి కొత్తగా వస్తున్న టైలర్ సరిగ్గా ఆ వేళకే అడ్వాన్సు తెచ్చాడు. అతని ఎదుటే ఆవిడ దాన్ని పెట్టెలో పెట్టి, బీరువాకి తాళం వేసింది. అక్కడి నుంచి నాలుగు దాటేదాకా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి పోవాలంటే ఆమెను దాటుకునే పోవాలి. పిల్లి కూడా దాటలేదని ఖండితంగా చెప్పింది.

అయితే బీరువా ఉన్న గదికి ఇంకో తలుపుంది. అది ఏడో గదిలోకి తెరుచుకుంటుంది. దానికి గడియ ఏడో గది వైపే ఉంది, ఆవిడ వైపు లేదు. ఇప్పుడా గడియ తీసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ తలుపును రెండుసార్లు అటూ ఇటూ ఆడించాడు. సొంత ఇంటి తలుపుకి గడియ అవతలి మనిషి చేతిలో పెట్టడమేమిటని అడిగాడు.

"అద్దెకున్నవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని పడుకోవాలి. ఇంటివాళ్ళు ఎప్పుడు దూరతారో అన్న బెంగ వాళ్ళకి ఉండకూడదు. గడియ వాళ్ళ వైపే ఉండాలని నేనే పెట్టించాను."

ఏడో గదిలో ఆరేళ్ళుగా ఒక నర్సు ఉంటోంది. ఆ రోజే ఖాళీ చేసింది. ఊరికి అవతలి కొసన ఉన్న ఆసుపత్రికి మారింది. ఆ గదికి వీధి గుమ్మం వెనక సందులోకి ఉంది, కాబట్టి ఆమె సామాన్ల బండి వరండాలోంచి కనిపించదు.

పన్నెండున్నరకీ నాలుగూ పదికీ మధ్య ఏడో గది తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళే దొంగ. లెక్క అంత తేలికగా కనిపించింది.

"తాళం ఎన్ని గంటలకి తిరిగి ఇచ్చింది?"

ఇంటావిడ తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడికి నలభై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంటాడు. రసీదు పుస్తకంలో గీత గీయాలన్నా కొలబద్ద పెట్టి గీస్తాడు. అందుకే గదుల వాళ్ళందరికీ ఆయన స్కేలు బాబాయ్. ఇరవై రెండేళ్ళుగా అద్దెలు వసూలు చేసేదీ, కుళాయిలు బాగుచేసేదీ, రసీదులు రాసేదీ ఆయనే. చేతులు కట్టుకుని నిలబడి, నర్సు నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువగా వెనక సందులో తాళం ఇచ్చిందని చెప్పాడు. తను మధ్యాహ్నమంతా మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్నాడు. తాళం తెచ్చి అక్క చేతిలో పెడితే, దాన్ని కొక్కేనికి తగిలించడానికి ఆవిడ లోపలికి వెళ్ళింది. అప్పుడే బయటపడింది.

ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున పదింటికే దాని అడ్వాన్సు దాని చేతిలో పెట్టానండీ. తాళం రాకముందే. అమ్మా అంటే కూతురే అనుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి."

కంప్లైంట్ ఆవిడే రాసింది. తన చేత్తోనే.

* * *

ఆరూ నలభైకి నర్సును స్టేషన్‌కి పిలిపించారు. కొత్త గదిలో సామాన్లు సర్దుతూ సర్దుతూనే వచ్చింది. జుట్టుకి ఇంకా దుమ్ము అంటుకుని ఉంది.

"తాళం ఎప్పుడు ఇచ్చారు?"

"పదకొండూ నలభైకి. బాబాయ్ చేతికే."

"అంత కచ్చితంగా ఎలా గుర్తు?"

"పన్నెండుకల్లా బయల్దేరాలని బండివాడు తొందర పెట్టాడు. ఇంకా ఇరవై నిమిషాలుందని వాచీ చూసుకున్నాను."

"పన్నెండు తర్వాత?"

"కొత్త గదిలో ఉన్నాను. ఒక్కదాన్నే."

బండివాణ్ణి అడిగితే పన్నెండుకి బయల్దేరిన మాట నిజమేనన్నాడు. తాళం ఎవరికిచ్చిందో చూడలేదన్నాడు. బండి పోయాక ఆమె మళ్ళీ రాలేదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. కొత్త గదంతా వెతికారు. పెట్టె దొరకలేదు. దొరకనంత మాత్రాన నిర్దోషి అయిపోదు.

ఎల్లుండి ఆమె ఆ ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జిగా చేరాలి. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటి ప్రమోషన్. దొంగతనం కేసు పెడితే ప్రమోషన్ సంగతి అలా ఉంచి, సస్పెండ్ చేస్తామని ఆసుపత్రి సూపరింటెండెంట్ ఫోన్‌లోనే తేల్చేశాడు. రేపు మధ్యాహ్నం ఒంటిగంటలోగా ఏదో ఒక మాట చెప్పమన్నాడు.

ఇవన్నీ ఆమె విన్నది. ఆఖరున ఒక్కటే అడిగింది.

"కంప్లైంట్ బాబాయ్ రాశారా, అమ్మ రాశారా?"

"ఆవిడే రాశారు."

ఆమె తల వంచుకుంది. సస్పెన్షన్ మాట విన్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. ఆరేళ్ళు ఒకే గోడకి చెరో వైపు పడుకున్న మనిషి. రాత్రి దగ్గు వినిపిస్తే గోడ మీద తట్టి నీళ్ళు తాగావా అని అడిగిన మనిషి. వచ్చి ఒక్క మాట అడగకుండా కాగితం మీద దొంగ అని రాసి సంతకం పెట్టింది.

కానిస్టేబుల్ ఆమె చేతిసంచీలోని వస్తువుల లిస్టు రాశాడు. దువ్వెన, ఆసుపత్రి ఐడీ కార్డు, మాత్రల పట్టీ, ఒక రసీదు.

ఇన్‌స్పెక్టర్ రసీదు అందుకున్నాడు. గీతలు కొలబద్దతో గీసినవే. తేదీ పదిహేడు. ఏడో గది. మిగిలిన రోజుల అద్దె వాపసు రెండు వేల ఎనిమిది వందలు. సంతకం. టైము ఎక్కడా లేదు.

"వాపసా?" ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంటివాళ్ళు మీకు తిరిగి ఇచ్చారా?"

"నెల అద్దె ఆరు వేలు ఒకటో తారీఖునే ఇచ్చేశాను. మధ్యలో ఖాళీ చేశాను కదా. ఆ ఇంట్లో ఉన్న రోజులకే తీసుకుంటారు."

"సరిగ్గా ఇచ్చారో లేదో చూసుకున్నారా?"

"ఆ ఇంట్లో ఎవరూ చూసుకోరు సార్. అవసరం రాదు."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. ట్రాన్స్‌ఫర్ అయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆయన ఇరవై ఏడో తారీఖున ఒక ఇంట్లో దిగాడు. నాలుగు రోజులకి నెల మొత్తం అద్దె గుంజి, ఒకటో తారీఖున మళ్ళీ చెయ్యి చాపాడు ఆ ఇంటి యజమాని. పోలీసు అయ్యుండీ నోరెత్తలేకపోయాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఆ రసీదును ఆయన కాసేపు అసూయగా చూసి లిస్టులో పెట్టించాడు.

అంతే. అప్పటికి ఇంకేమీ తోచలేదు.

* * *

మర్నాడు ఎనిమిదీ నలభై. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఆ ఇంటి వరండాలో ఉన్నాడు.

ముందురోజు హడావుడిలో చూడని బోర్డు ఒకటి గోడకి కనిపించింది. చెక్క మీద తెల్లరంగుతో రాశారు.

"ఉన్న రోజులకే అద్దె. నెలకి ఎన్ని రోజులుంటే అన్నింటితో భాగించాలి. మధ్యాహ్నం పన్నెండు దాటాక తాళం తీసుకుంటే ఆ రోజు లెక్కలోకి రాదు. పన్నెండు లోపు తాళం తిరిగి ఇస్తే ఆ రోజు లెక్కలోకి రాదు."

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. జేబులోంచి కాగితం తీశాడు. ఏదో కూడాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఈ రూలు ఎక్కడిదని అడిగితే ఇంటావిడ చెప్పింది. తండ్రి పోయాక ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి చేత్తో పట్టుకుని ఇరవై ఎనిమిదో తారీఖున ఒక గదిలో దిగింది. మూడు రోజులకి నెల అద్దె తీసుకున్నారు. ఒకటో తారీఖున ఇంకో నెలది అడిగారు. లేదంటే మూటా ముల్లే రోడ్డు మీద పెట్టారు. ఆ రోజు తమ్ముడు, "అక్కా, మనం మూడు రోజులే ఉన్నాం కదా" అని అడిగాడట. వాడికున్న పాటి లెక్క ఆ యజమానికి లేకపోయింది. తనకంటూ ఇల్లు వస్తే ఏం చేయాలో అక్కడే నిర్ణయించుకుంది. పైసా పైసా కూడబెట్టి ఇల్లు కట్టాక మొదట తగిలించింది ఈ బోర్డునే.

"ఇప్పుడు లెక్కలు మీరు చూస్తారా?"

"ఎందుకూ? తమ్ముడున్నాడు. ఇరవై రెండేళ్ళలో పుస్తకం తెరిచి చూసింది లేదు."

తమ్ముణ్ణి పిలిచారు.

"తాళం తీసుకున్నాకే రసీదు రాస్తారా, ముందే రాస్తారా?"

"తాళం చేతికొచ్చాకే."

"నర్సు రసీదు కూడా?"

"అంతే."

"పాతవాళ్ళని, తెలిసినవాళ్ళని చూసి ఎప్పుడైనా ఒక రోజు అద్దె వదిలేశారా?"

స్కేలు బాబాయ్ ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

"లేదు. ఒక రోజు ఎక్కువ తీసుకోం, ఒక రోజు తక్కువ తీసుకోం. అలా చేస్తే బోర్డు దేనికి?"

"పొరపాటున?"

"నా పుస్తకంలో పొరపాటా? చూసుకోండి."

ఆ మాటలో దర్పం ఉంది. న్యాయంగా సంపాదించుకున్న దర్పమే. పాత రసీదు పుస్తకాల రేకుపెట్టె ఆయనే మోసుకొచ్చి కింద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్, కానిస్టేబుల్ ఇద్దరూ పదిన్నర దాకా కార్బన్ కాపీలు తిరగేశారు. నెల మధ్యలో వచ్చినవాళ్ళవి, పోయినవాళ్ళవి కలిపి రెండొందల పద్నాలుగు. దుమ్ముకి కానిస్టేబుల్ తుమ్ముతూనే ఉన్నాడు. ఎలక కోసం కొండ తవ్వుతున్నామని గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ పట్టించుకోలేదు.

ఒక్క తప్పు లేదు.

* * *

పదకొండు. వరండాలో నలుగురు కూర్చున్నారు. ఇంటావిడ, ఆమె తమ్ముడు, నర్సు, టైలర్. నర్సు ఆ కొసన, ఇంటావిడ ఈ కొసన. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. జీపు వెనక సందులో ఆగి ఉంది.

టైలర్ ఒక్కడే మాట్లాడుతున్నాడు. తన అడ్వాన్సు ఒక్క పూటయినా పెట్టెలో నిలవలేదనీ, అది ఇచ్చిన చెయ్యే మంచిది కాదేమోననీ వాపోయాడు. పన్నెండున్నరకి పెట్టె చూశారా అని ఇన్‌స్పెక్టర్ అడిగితే చూశానన్నాడు. మూత పడిన చప్పుడు కూడా విన్నానన్నాడు.

"అయితే పని జరిగింది పన్నెండున్నర తర్వాతే. అప్పుడు ఏడో గది తాళం ఎవరి దగ్గరుంది? పదకొండూ నలభైకే ఇచ్చేశానంటుంది ఈమె. నాలుగింటికి ఇచ్చిందంటారు ఈయన. ఇద్దరూ వెనక సందులోనే ఉన్నారు. మూడోమనిషి లేడు."

ఆయన రసీదు బయటికి తీశాడు.

"నిన్న దీన్ని ముగ్గురం చూశాం. చూసి అవతల పెట్టాం. ఇందులో టైము లేదనుకున్నాం. ఉంది."

రసీదును అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇది ముప్ఫై రోజుల నెల. అద్దె ఆరు వేలు. రోజుకి రెండొందలు. వాపసు ఇచ్చింది రెండు వేల ఎనిమిది వందలు. అంటే పద్నాలుగు రోజులది. ముప్ఫైలో పద్నాలుగు తీసేస్తే పదహారు. ఈమె ఖాళీ చేసింది పదిహేడున. పదిహేడో తారీఖు అద్దె ఈమె దగ్గర తీసుకోలేదు."

ఆయన వేలు గోడ మీది బోర్డు వైపు తిరిగింది.

"తాళం నాలుగింటికి వచ్చుంటే ఆ రోజు లెక్కలోకి వచ్చేది. వాపసు రెండు వేల ఆరు వందలే అయ్యేది. లెక్కలోకి రాలేదంటే తాళం పన్నెండు లోపే చేతికొచ్చింది. తాళం వచ్చాకే రసీదు రాశానని ఈయనే చెప్పారు. ఎవరికీ ఒక్కరోజు వదలలేదనీ, పొరపాటు చేయలేదనీ ఈయనే చెప్పారు. రెండొందల పద్నాలుగు రసీదులు చూశాను. ఆ మాట నిజమే."

స్కేలు బాబాయ్ రసీదు వైపు చూశాడు. తన చేతిరాతే. తన గీతలే. కట్టుకున్న చేతులు మెల్లగా విడిపోయాయి.

"చెయ్యి అలవాటుగా రాసేసింది," అన్నాడు.

ఇంటావిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నమ్మలేదు.

"ఒరే, ఏమిట్రా ఇది? నువ్వా?"

"నేనే అక్కా."

"ఎందుకురా?"

తమ్ముడు తలెత్తి అడిగాడు.

"పూట ఉన్నవాడికి పూట లెక్క కట్టావు. నేను ఇరవై రెండేళ్ళు చేశాను. నాకు ఏ రోజయినా లెక్క కట్టావా?"

"నీకు లెక్కేమిట్రా? ఇల్లు నీది కాదా?"

"కాగితం మీద ఎవరిది?"

ఇల్లు ఆవిడ పేరునే ఉంది. తమ్ముడికి లెక్క కట్టడమంటే వాణ్ణి పరాయివాణ్ణి చేయడమనుకుంది. వాడు చొక్కా కావాలన్నా చెయ్యి చాపే అడగాల్సి వచ్చిందని ఆవిడకి ఏనాడూ తట్టలేదు. అయినా గుండె మాత్రం మండిపోయింది. అడిగుంటే పెట్టె మొత్తం ఇచ్చేది. అడగకుండా తీసుకున్నాడు. అదీ గదుల వాళ్ళ సొమ్ము.

నర్సు మొదటిసారి నోరు విప్పింది.

"నా మీద ఎందుకు పెట్టారు బాబాయ్?"

"నీ మీద నాకేం కోపం లేదమ్మా. ఆ తలుపు నీ వైపుంది. అంతే."

ఆ మాటకి ఆమె ముఖం తిప్పుకుంది. కోపంతో చేసుంటే ఇంత నొచ్చుకునేది కాదు.

పెట్టె నీళ్ళ ట్యాంకు వెనక గోనెసంచీలో దొరికింది. డబ్బు మొత్తం ఉంది. టైలర్ తన అడ్వాన్సు కట్ట గుర్తుపట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

కానిస్టేబుల్ స్కేలు బాబాయ్‌ని జీపు దగ్గరికి తీసుకెళ్తూ, ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు కదా సార్ అన్నాడు. ఈ ఇంట్లో లెక్క పట్టుకుందిలే అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాడే గానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. తప్పుడు లెక్కలు రాసి దొరికినవాళ్ళనే ఆయన ఇన్నాళ్ళూ చూశాడు. సరైన లెక్క రాసి దొరికినవాణ్ణి ఇదే చూడటం. ఆయన సూపరింటెండెంట్‌కి ఫోన్ చేశాడు. పదకొండూ ముప్ఫై ఐదు. నర్సు మీద ఏ కేసూ లేదనీ, రేపు నిశ్చింతగా చేర్చుకోమనీ చెప్పాడు.

ఇంటావిడ కుర్చీ పట్టుకుని లేచింది. నర్సు దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

"తప్పయిపోయింది తల్లీ. ఒక్క మాట నిన్ను అడగాల్సింది. ఏడో గది నీదే. వచ్చెయ్. అద్దె వద్దు. బతికినన్నాళ్ళూ వద్దు."

నర్సు ఆవిడ ముఖంలోకి చూసింది.

"నా అద్దె పదహారుతో అయిపోయిందమ్మా. మీరు దొంగన్నది పదిహేడున. మీ లెక్క ప్రకారం ఆ రోజు నేను మీ మనిషిని కాను. అలాగే సర్దిచెప్పుకుంటాను."

గది తలుపు వెనక తన గొడుగు ఉండిపోయిందని, ఒక్కసారి తాళం ఇమ్మని అడిగింది. ఇంటావిడ కొక్కేనికున్న తాళం తీసి ఇచ్చింది. నర్సు మధ్య తలుపులోంచి ఏడో గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

అటువైపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఇంటావిడ తలుపు దగ్గరే నిలబడింది. నెట్టలేదు. పిలవలేదు. వెనక సందు గుమ్మం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. కాసేపటికి సందులో జీపు దగ్గరున్న కానిస్టేబుల్ వరండాలోకి వచ్చి తాళం ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది సార్ అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అలవాటుగా అడిగాడు.

"తాళం ఎన్ని గంటలకి ఇచ్చింది?"

"పదకొండూ యాభై రెండుకి సార్. పన్నెండు లోపే ఇచ్చానని అమ్మకి చెప్పమంది."